కార్పెంటర్స్ గొప్పతనం పాటల్లో ఉందా, కేరెన్ విషాదంలో ఉందా?

"డెబ్బైల్లో అమెరికాలో కార్పెంటర్స్ అనే పేరుతో అన్నాచెల్లెళ్ళు ఇద్దరు మెత్తమెత్తటి పాటలు పాడారు, చెల్లెలు చిన్న వయసులో పోయింది, అందుకే జనం ఇంకా తలుచుకుంటున్నారు. అంతకు మించి ఆ పాటల్లో ఏముంది?" అని కదా మీరు అడిగింది. చాలామందికి ఉన్న అభిప్రాయమే ఇది. ఒకప్పుడు నాకూ ఉండేది. 1980ల చివర్లో మద్రాసులో కొన్నాళ్ళు కోరస్ పాడాను, ఆ తర్వాత ఇన్నేళ్ళుగా పిల్లలకు కీబోర్డు, వెస్టర్న్ వోకల్ నేర్పుతున్నాను. కాబట్టి అభిమానిగా కంటే ఆ పని చేసి చేతులు కాల్చుకున్నవాడిగా జవాబు చెబుతాను.

రిచర్డ్ కార్పెంటర్ 1946 అక్టోబరులో, కేరెన్ 1950 మార్చిలో కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూ హేవెన్‌లో పుట్టారు. తండ్రికి రికార్డులు కొనే పిచ్చి. ఆ ఇంట్లో సంగీతం అంటే రిచర్డే. పియానో ముందు కూర్చుంటే లేచేవాడు కాదు. 1963లో కుటుంబం కాలిఫోర్నియాలోని డౌనీ అనే ఊరికి మారడానికి పిల్లవాడి సంగీతం కూడా ఒక కారణమే. చెల్లెలు గొప్ప గాయని అవుతుందని అప్పట్లో ఎవరూ అనుకోలేదు, ఆమెతో సహా. హైస్కూల్లో పీటీ క్లాసు తప్పించుకోవడానికి మార్చింగ్ బ్యాండులో చేరింది. చేతికి గ్లాకెన్‌స్పీల్ ఇచ్చారు. లోహపు పలకల మీద చిన్న సుత్తితో కొట్టే వాద్యం అది. ఆమెకు అస్సలు నచ్చలేదు. పక్కన డ్రమ్స్ వాయిస్తున్న కుర్రాళ్ళను చూసి "నేనూ అదే వాయిస్తా" అంది. చూస్తుండగానే చేయి తిరిగింది. ఆమె తనంతట తాను ఎంచుకున్న వాద్యం అది. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత మళ్ళీ వస్తుంది.

1966లో పియానో మీద రిచర్డ్, డ్రమ్స్ మీద కేరెన్, ట్యూబా, బేస్ వాయించే ఒక స్నేహితుడు, ఈ ముగ్గురూ హాలీవుడ్ బౌల్‌లో జరిగిన బ్యాండ్ల పోటీలో గెలిచారు. అప్పటికి కేరెన్‌కు పదహారేళ్ళు. ఆ తర్వాత లాంగ్ బీచ్‌లోని కాలిఫోర్నియా స్టేట్ కాలేజీలో ఫ్రాంక్ పూలర్ అనే కోయిర్ (బృందగానం) గురువు దొరికాడు. ఆయన కేరెన్ చేత శాస్త్రీయ పాటలు పాడించాడు గానీ, ఆమె మామూలు పాప్ గొంతు జోలికి వెళ్ళలేదు. గురువులం అనుకునే మాలాంటివాళ్ళం నేర్చుకోవాల్సిన విద్య ఇది. చేతిలో శిష్యురాలు ఉన్నాక ఏదో ఒకటి దిద్దకుండా ఉండటం ఎంత కష్టమో మాకు తెలుసు.

మూడేళ్ళు తిరగని చోటు లేదు. రిచర్డ్, పాటల రచయిత జాన్ బెట్టిస్ కలిసి డిస్నీల్యాండ్‌లో పాతకాలపు పాటలు వాయించే ఉద్యోగం చేశారు. జనం అడిగిన కొత్త పాటలు వాయించారని అక్కడినుంచి తీసేశారు. ఆ సూపర్‌వైజర్ పేరు మీదే తర్వాత ఒక పాట కట్టి ఆల్బమ్‌లో పెట్టారు, అది వేరే సంగతి. చివరికి 1969 ఏప్రిల్‌లో ఎ అండ్ ఎం రికార్డ్స్ యజమానుల్లో ఒకరైన హెర్బ్ ఆల్పర్ట్ వీళ్ళ టేపు విని తీసుకున్నాడు. కేరెన్‌కు పందొమ్మిదేళ్ళే కాబట్టి ఒప్పందం మీద తల్లిదండ్రులు కూడా సంతకం పెట్టాల్సి వచ్చింది. మొదటి ఆల్బమ్ పెద్దగా అమ్ముడుపోలేదు. అందులో బీటిల్స్ పాట 'టికెట్ టు రైడ్'ను బాగా నెమ్మది చేసి పాడారు. అది అమెరికాలో పాటల ర్యాంకులు చెప్పే బిల్‌బోర్డ్ పట్టికలో 54 దాకా వెళ్ళి ఆగింది.

అప్పుడు ఆల్పర్ట్ రిచర్డ్ చేతిలో ఒక కాగితం పెట్టాడు. బర్ట్ బాకరాక్, హాల్ డేవిడ్ రాసిన 'క్లోజ్ టు యూ'. అప్పటికే ఒకరిద్దరు పాడారు, ఎవరూ పట్టించుకోలేదు. రిచర్డ్ పాత రికార్డులు వినకుండా, కాగితం మీది స్వరాలు మాత్రమే చూసి కొత్తగా కట్టాడు. పియానో ఊగుతూ నడుస్తుంది. మధ్యలో పాట మొత్తం అర స్వరం పైకి జరుగుతుంది. అయిపోయిందనుకున్నాక ఒక్క క్షణం ఆగి, పొరలు పొరలుగా గొంతులు మళ్ళీ లేస్తాయి. 1970 జులైలో అది నంబర్ వన్ అయింది, నాలుగు వారాలు అక్కడే కూర్చుంది. రిచర్డ్‌కు అప్పుడు ఇరవై మూడేళ్ళు.

ఆ లేచే గొంతుల దగ్గర కాస్త ఆగుదాం. మీ ప్రశ్నకు అసలు జవాబు అక్కడే ఉంది.

విన్నవాళ్ళు వెనుక పెద్ద కోరస్ ఉందనుకుంటారు. లేదు. దాదాపు అన్నిచోట్లా ఆ ఇద్దరే. కలిపి పాడే వరుసలు నాలుగుంటే ఒక్కో వరుసను మూడేసి సార్లు పాడి ఒకదాని మీద ఒకటి పరిచేవాళ్ళు. అంటే రెండు గొంతులతో పన్నెండు గొంతులు. కంప్యూటర్లు లేవు, టేపు మీదే అంతా. తప్పు పడితే మళ్ళీ మొదటినుంచి. గొంతుల మీద గొంతులు పరిచే ఈ పద్ధతిని రిచర్డ్ చిన్నప్పుడు లెస్ పాల్, మేరీ ఫోర్డ్ జంట రికార్డుల్లో విని పట్టుకున్నాడు.

"మూడుసార్లు పాడటమేగా" అనిపించవచ్చు. నాకూ అలాగే అనిపించి, కొన్నేళ్ళ క్రితం ఒక చిన్న స్టూడియోలో నా గొంతునే మూడు పొరలుగా వేసి చూశాను. తెలుగు పాట బాగానే వచ్చింది. ఇంగ్లీషు పాట వేస్తే నవ్వులపాలైంది. కారణం తర్వాత అర్థమైంది. మనది అజంత భాష, మాట చివర దాదాపు ఎప్పుడూ అచ్చు ఉంటుంది. ముగ్గురు పాడినా ఆ అచ్చులు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఇంగ్లీషు మాట టకారంతోనో సకారంతోనో తెగుతుంది. మూడు పొరల్లో ఆ టకారం ఒక్క వెంట్రుకవాసి అటూ ఇటూ అయినా మూడు టకారాలు టకటకా వినిపిస్తాయి, మెట్ల మీద గిన్నె జారినట్టు. సౌండ్ ఇంజనీరు మొహమాటానికి నవ్వు ఆపుకున్నాడు. ఇంటికొచ్చి 'హర్టింగ్ ఈచ్ అదర్' ఇయర్‌ఫోన్స్‌లో పెట్టుకుని మాటల చివర్లు మాత్రమే విన్నాను. అన్ని పొరలు, ఒక్క మనిషి నోరు మూసినట్టు మూసుకుంటున్నాయి. అన్నాచెల్లెళ్ళ గొంతుల్లో పుట్టుకతో వచ్చే పోలిక కొంత ఉంటుంది, కాదనను. ఒకే ఇంట్లో పెరిగినవాళ్ళు అచ్చుల్ని ఒకేలా పలుకుతారు. మిగతాది మాత్రం చాకిరీయే.

ఇక ముందు వినిపించే ఆ ఒక్క గొంతు. మన దగ్గర ఆడవాళ్ళు పాడతారంటే ఐదు, ఐదున్నర శ్రుతి పెట్టి తారస్థాయిలో మెరిపించాలని ఆశిస్తాం. అమెరికాలోనూ అప్పటికి పాప్ గాయనులు పైకి ఎగిరే గొంతులతోనే పేరు తెచ్చుకుంటున్నారు. కేరెన్ బలం మంద్రంలో ఉంది. పైస్థాయిలో కూడా బాగానే పాడేది, కానీ కిందికి దిగితే ఆ గొంతుకు ఒక బరువు, ఒక గరగర లేని ముదురుదనం వస్తుంది. రిచర్డ్ దాన్ని పసిగట్టి పాటల శ్రుతులు కిందికి దించాడు. మైకుకు బాగా దగ్గరగా, గట్టిగా కాక పక్కన కూర్చున్న మనిషికి చెబుతున్నట్టు పాడించాడు. ఇక్కడ దాక్కోవడానికి ఏమీ ఉండదు. గట్టిగా పాడేటప్పుడు శ్రుతి కొంచెం తగ్గినా ఊపులో కొట్టుకుపోతుంది, అంత మెల్లగా పాడితే ప్రతి ఊపిరీ లెక్కకొస్తుంది. 1971లో వచ్చిన 'సూపర్‌స్టార్' మొదటి మాటలు వినండి. అది ఆమె మొదటిసారి పాడిన టేకే. రిచర్డ్ ఒక పేపర్ న్యాప్‌కిన్ మీద గిలికి ఇచ్చిన మాటలు చూస్తూ పాడింది. మిగతా వాయిద్యాలకు దారి చూపడానికి పాడిన పాట అదే చివరికి రికార్డు మీదికెక్కింది. ఆ పాటలో 'నీతో పడుకోవాలని' అనే అర్థం వచ్చే మాటను రిచర్డ్ 'నీతో ఉండాలని'గా మార్చాడు. రేడియో వాళ్ళు వేయరన్న భయం. పిరికితనం అనేవాళ్ళు అంటారు. నాకైతే మారిన మాటే ఆ గొంతుకు ఎక్కువ నప్పిందనిపిస్తుంది.

పాట ఎంచుకోవడంలో రిచర్డ్ చెవి ఎలాంటిదో చెప్పడానికి ఇంకొకటి. 1970లో ఒకరోజు టీవీలో బ్యాంకు ప్రకటన వస్తోంది. కొత్తగా పెళ్ళయిన జంట, వెనుక చిన్న పాట. పాడుతున్నది పాల్ విలియమ్స్ అని గొంతు బట్టి పోల్చుకున్నాడు. అతనూ ఎ అండ్ ఎంలోనే పాటలు రాస్తాడు. తర్వాత కనిపించినప్పుడు "ఆ పాట మిగతాది ఉందా?" అని అడిగాడు. ఉందన్నాడు విలియమ్స్. లేకపోయినా ఉందనే చెప్పేవాణ్ణని తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు. విలియమ్స్, రోజర్ నికల్స్ కట్టిన ఆ 'వీవ్ ఓన్లీ జస్ట్ బిగన్' రెండో స్థానం దాకా వెళ్ళింది, ఆ తర్వాత అమెరికా పెళ్ళిళ్ళలో మన 'సీతారాముల కల్యాణం' పాటంత మామూలైపోయింది. బ్యాంకు ప్రకటన పెళ్ళి పాటగా మారడం ఇంకెక్కడా వినలేదు.

1970 నుంచి 1975 దాకా ఆ ఊపు తగ్గలేదు. మూడు నంబర్ వన్‌లు: 'క్లోజ్ టు యూ', 'టాప్ ఆఫ్ ద వరల్డ్', 'ప్లీజ్ మిస్టర్ పోస్ట్‌మన్'. రెండో స్థానంలో ఆగినవి ఐదు. మూడు గ్రామీలు. బ్రిటన్‌లో వాళ్ళ హిట్ పాటల సంకలనం మొత్తం 17 వారాలు మొదటి స్థానంలో ఉంది. ఆ లెక్కలు ఎక్కడైనా దొరుకుతాయి, వాటిమీద ఎక్కువసేపు ఉండను.

"మరీ మెత్తన" అనే ఆరోపణ గురించి చెప్పాలి. రాక్ విమర్శకులు వీళ్ళని పంచదార పాకం అన్నారు. 1973 మే 1న శ్వేతసౌధంలో, పశ్చిమ జర్మనీ ఛాన్సలర్ విల్లీ బ్రాంట్ వచ్చినప్పుడు పాడారు. అధ్యక్షుడు నిక్సన్ వీళ్ళను అమెరికా యువతకు ఆదర్శంగా మెచ్చుకున్నాడు. తర్వాత ఆయన పదవినే మింగిన వాటర్‌గేట్ కుంభకోణంలో ఆయన ముఖ్య అనుచరులు రాజీనామా చేసినట్టు ప్రకటించిన మర్నాడే ఆ కచేరీ. ఆ వయసు కుర్రకారులో అంతకంటే పరువు తీసే మెప్పు ఇంకోటి ఉండదు. నీట్‌గా దువ్విన జుట్టు, నవ్వు ముఖాల ఫొటోలు కంపెనీ వేసినవి. ఆల్బమ్ అట్టలు చూసి పాటల మీద తీర్పు చెప్పిన వాళ్ళే ఎక్కువ.

ఆ తీర్పుకు జవాబు 1972 నాటి 'గుడ్‌బై టు లవ్'లో ఉంది. రిచర్డ్ స్వరం, బెట్టిస్ మాటలు. పాడేవాళ్ళకు ఊపిరి తీసుకునే చోటే ఇవ్వని పొడుగాటి వరుసలు. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఎవరికైనా గర్వం ఎక్కితే ఈ పాట ఇస్తాను, రెండో వరుసకే దిగుతుంది. మధ్యలో గిటార్ సోలో కావాలనిపించి, టోనీ పెలూసో అనే రాక్ కుర్రాణ్ణి పిలిపించారు. ఫోన్ చేసింది కేరెన్. అతను వీళ్ళ పేరు చూసి భయపడి మొదట బుద్ధిగా, మెల్లగా వాయించాడట. రిచర్డ్ వద్దన్నాడు. మొదటి కొన్ని ఆవర్తాలు పాట వరుస వాయించు, ఆ తర్వాత తగలబెట్టెయ్, ఆకాశంలోకి పో అని చెప్పాడు. పెలూసో అలాగే చేశాడు. రంపం కోసినట్టుండే ఆ ఫజ్ గిటార్ మెత్తటి ప్రేమపాట మధ్యలో పడేసరికి కొందరు అభిమానులు తిడుతూ ఉత్తరాలు రాశారు. పాట మాత్రం ఏడో స్థానానికి వెళ్ళింది. పదేళ్ళ తర్వాత ప్రతి రాక్ బ్యాండూ నెమ్మది పాటలో గిటార్ గర్జించడం మొదలుపెట్టింది. వాటి ముత్తాత ఈ పాట.

ఇప్పుడు డ్రమ్స్ దగ్గరికి వద్దాం. కేరెన్ తనను డ్రమ్మర్‌గానే చెప్పుకునేది, పాడే డ్రమ్మర్ని అని. కానీ పొట్టి మనిషి, డ్రమ్స్ వెనుక కూర్చుంటే జనానికి కనిపించదు. హిట్లు వచ్చాక "పాడే మనిషి ముందుకు రావాలి కదా" అని అందరూ పట్టుపట్టారు. వ్యాపారంగా చూస్తే తప్పు కాదు. ఆమె ఇష్టం లేకుండానే ముందుకు వచ్చింది. స్టూడియోలో హాల్ బ్లేన్ లాంటి ఉద్దండులైన డ్రమ్మర్లు వాయించడం ఎక్కువైంది. 1973 నాటి 'నౌ అండ్ దెన్' ఆల్బమ్‌లో మాత్రం దాదాపు అన్ని డ్రమ్స్ ఆమెవే. చేతులకు పని ఉన్న మనిషిని ఖాళీ చేతులతో వేల మంది ముందు నిలబెడితే ఏమవుతుంది? అదే ఆమె జబ్బుకు కారణమని తేల్చేవాళ్ళున్నారు. నేను అంత దూరం వెళ్ళను. ఆ జబ్బుకు ఒక్క కారణం ఉండదు.

ఆ జబ్బు పేరు అనొరెక్సియా నెర్వోసా. ఒంటి బరువు మీద భయం మనిషిని లోపల్నుంచి తినేస్తుంది. 1975లో నీరసం వల్ల బ్రిటన్ పర్యటన రద్దయింది. రిచర్డ్‌కు నిద్రమాత్రల అలవాటు ముదిరి 1979 మొదట్లో చికిత్సకు వెళ్ళాడు. ఆ ఖాళీలో కేరెన్ న్యూయార్క్ వెళ్ళి ఫిల్ రమోన్ అనే రికార్డు నిర్మాతతో, అన్న లేకుండా ఒంటరిగా ఒక ఆల్బమ్ చేసింది. అది కంపెనీకీ నచ్చలేదు, అన్నకూ నచ్చలేదు, మూలన పడింది. 1996లో గానీ బయటికి రాలేదు. విన్నాను. సగం పాటలు ఆమె గొంతుకు నప్పవు. అయినా ముప్ఫై ఏళ్ళ మనిషి తన సొంత తప్పు తాను చేసుకునే హక్కు ఉంటుంది కదా, అది దక్కలేదు. 1980లో చేసుకున్న పెళ్ళి కూడా ఏడాది దాటాక చెడింది. 1982లో న్యూయార్క్‌లో వైద్యం తీసుకుంది. 1983 ఫిబ్రవరి 4న డౌనీలో తల్లిదండ్రుల ఇంట్లో కుప్పకూలింది, గుండె ఆగి ఆసుపత్రిలో చనిపోయింది. 32 ఏళ్ళు.

అప్పటిదాకా ఆ జబ్బు పేరు చాలామంది అమెరికన్లకు తెలియదు. ఆమె మరణంతో పత్రికలు, డాక్టర్లు, తల్లిదండ్రులు బాహాటంగా మాట్లాడటం మొదలుపెట్టారు. మీరన్న విషాదానికి ఆ మేరకు నిజంగానే చరిత్రలో చోటుంది. కానీ పాటలు దానివల్ల నిలిచాయంటే జపాన్ సంగతి కుదరదు. ఆమె బతికుండగానే, 1974లో అక్కడ వీళ్ళకు జాతర జరిగింది. ఒసాకా కచేరీ ఆల్బమ్‌లో క్యోటో పిల్లల కోయిర్‌తో కలిసి 'సింగ్' పాటలో కొంత జపనీస్‌లో పాడటం వినవచ్చు. 1995లో అక్కడి ఒక టీవీ సీరియల్‌కు మొదట్లో 'టాప్ ఆఫ్ ద వరల్డ్', చివర్లో 'ఐ నీడ్ టు బీ ఇన్ లవ్' పెట్టారు. ఆమె పోయాక పుట్టిన, పోయినప్పుడు పాలు తాగే వయసున్న పిల్లలు లక్షల సీడీలు కొన్నారు. ఆ చివరి పాట 1976లో అమెరికాలో అంతంతమాత్రంగా ఆడింది. కేరెన్‌కు మాత్రం తన పాటల్లో అదే ఇష్టమని రిచర్డ్ చెబుతాడు.

ఒకప్పుడు వెక్కిరించిన రాక్ వాళ్ళే తర్వాత దారికొచ్చారు. 1994లో కొత్త తరం బ్యాండ్లు కలిసి వీళ్ళ పాటలతో ఒక ఆల్బమ్ చేశాయి. అందులో సోనిక్ యూత్ పాడిన 'సూపర్‌స్టార్' వింటే, పాకం అనుకున్న దాని అడుగున ఎంత చీకటి ఉందో తెలుస్తుంది. రిచర్డ్ మాత్రం ఆ పాత టేపులను వదల్లేదు. దశాబ్దాలుగా మళ్ళీ మళ్ళీ మిక్స్ చేస్తూనే ఉన్నాడు. 2018లో రాయల్ ఫిల్‌హార్మనిక్ ఆర్కెస్ట్రాను తెచ్చి చెల్లెలి పాత గొంతు చుట్టూ కొత్తగా వాయింపించాడు. నాకు పాతవే ఇష్టం. కానీ పన్నెండు గొంతులుగా మారిన రెండు గొంతుల్లో ఒకటి మిగిలితే, ఆ మనిషి టేపుల దగ్గరే కూర్చోవడాన్ని నేనేమీ అనలేను.

ఎక్కడ మొదలుపెట్టాలంటారా, 'సూపర్‌స్టార్', 'గుడ్‌బై టు లవ్', 'రైనీ డేస్ అండ్ మండేస్' ఈ మూడూ ఇయర్‌ఫోన్స్‌తో వినండి, ఫోన్ స్పీకరులో కాదు. ఆ తర్వాత 1976 నాటి వాళ్ళ మొదటి టీవీ స్పెషల్‌లో కేరెన్ డ్రమ్స్ భాగం యూట్యూబ్‌లో వెతకండి. ఒక డ్రమ్స్ దగ్గర్నుంచి ఇంకో డ్రమ్స్ దగ్గరికి పరుగెడుతూ వాయిస్తుంది. మైకు పట్టుకుని నిలబడ్డ వీడియోల్లో ఆమె ముఖం ఒకసారి, ఇందులో ఒకసారి చూడండి.